అమ్మ నోట్సులో జావా

‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్... స్ట్రింగ్ ఆర్గ్స్!’

2003లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులో నిలబడినా ఈ మంత్రం చెవిన పడేది. మేడ మీద పొడుగాటి గది. కాలు పెట్టడానికి చోటులేనంతగా విద్యార్థులు. మైకు పట్టుకుని మాస్టారు ఒక్కో మాటా చెబుతుంటే అందరూ ఒళ్లో పుస్తకాలు పెట్టుకుని గబగబా రాసుకునేవారు. గుడివాడ నుంచి ఎంసీఏ పట్టా పట్టుకుని వచ్చి హాస్టల్లో దిగిన ఆ అమ్మాయి కూడా అలాగే రాసుకుంది. మూడోరోజు మాత్రం ఉండబట్టలేక లేచి నిలబడింది.

‘సార్, తెర మీద ఒక్క వరుస కనిపించడానికి ఇన్ని మాటలెందుకండీ? పబ్లిక్ అంటే ఏమిటి? స్టాటిక్ అంటే ఏమిటి?’

మాస్టారు నవ్వారు. ‘ఇప్పుడు అడక్కమ్మా. నెల తిరిగేసరికి నీకే తెలుస్తుంది. అప్పటిదాకా మంత్రంలా రాసేసుకో!’

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూర్చుని రాసేసుకుంది. నెల తిరిగేసరికి నిజంగానే తెలిసింది కూడా. పబ్లిక్ అంటే బయటివాళ్లు ఎవరైనా పిలవొచ్చని. స్టాటిక్ అంటే వస్తువు తయారుకాకముందే పిలవొచ్చని. వాయిడ్ అంటే తిరిగి ఏమీ ఇవ్వదని. అప్పటికే ఆ మాటలు వేళ్లకు ఎంత అలవాటైపోయాయంటే అర్థంతో పనిలేకుండానే టైపు చేసేసేది.

ఇరవై రెండేళ్లు గడిచాయి. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై అయిదు. కూతురు ఇంజినీరింగ్ రెండో ఏడాది, కొడుకు పదో తరగతి. 2025 చివర్లో ఓ రాత్రి కూతురు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాలేజీ పని చేసుకుంటుంటే పాలగ్లాసు పెట్టడానికి వెళ్లి వెనక నుంచి తొంగిచూసింది. తెరమీద జావా ప్రోగ్రాం. మూడే వరుసలు. ‘వాయిడ్ మెయిన్’ అని ఉంది. ముందు పబ్లిక్ లేదు, స్టాటిక్ లేదు. పైన క్లాసు పేరు లేదు. బ్రాకెట్లలో స్ట్రింగ్ ఆర్గ్స్ లేదు.

‘సగం రాయడం మరిచిపోయావు చూడు. అది నడవదు’ అంది.

కూతురు మీట నొక్కింది. నడిచింది!

‘అవన్నీ ఇప్పుడు అక్కర్లేదమ్మా. ఇది జావా 25’ అంది ఆ పిల్ల తల తిప్పకుండానే.

ఇంకోరోజైతే నవ్వేసి ఊరుకునేదే. ఆ రాత్రి నవ్వు రాలేదు. గ్లాసు అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చేసింది. దానికో కారణముంది.

పందొమ్మిది మెట్లు

2004లో ఆమెకు ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆరేళ్లు చేసింది. మంచి పేరే తెచ్చుకుంది. 2010లో కొడుకు పుట్టాడు. అప్పుడే అత్తగారు మంచాన పడ్డారు. ‘ఓ ఏడాది ఆగి చేరతాను’ అని రాజీనామా ఇచ్చింది. ఆ ఏడాది కాస్తా పదిహేనేళ్లయింది. చిత్రమేమిటంటే ఆమె ఇల్లు పట్టిన ఆ 2010లోనే జావా కూడా ఇల్లు మారింది. దాన్ని కనిపెట్టిన సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఆ జనవరిలోనే ఒరాకిల్ సొంతం చేసుకుంది.

జావా పుట్టుక కూడా కథలాంటిదే. 1991లో సన్‌లో పనిచేసే జేమ్స్ గోస్లింగ్ బృందం టీవీలకూ సెట్‌టాప్ పెట్టెలకూ పనికొస్తుందని ఆ భాషను మొదలుపెట్టింది. తన ఆఫీసు బయట ఉన్న ఓక్ చెట్టు పేరే గోస్లింగ్ దానికి పెట్టారు. ఆ పేరు అప్పటికే మరొకరి ట్రేడ్‌మార్క్ అని తేలడంతో కాఫీని గుర్తుచేసే జావా అని మార్చారు. 1995 మేలో లోకానికి చూపించారు. ‘ఒకసారి రాయి, ఎక్కడైనా నడిపించు’ అన్నది దాని నినాదం. బ్యాంకులు, బీమా కంపెనీలు ఆ మాట నమ్మాయి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లూ ఆ దారినే వచ్చాయి. అమీర్‌పేట గదులు నిండింది కూడా ఆ నమ్మకంతోనే.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అత్తగారు కాలం చేశారు. 2025లో మళ్లీ ఉద్యోగం చేద్దామనుకుంది. చాలా కంపెనీలు విరామం తీసుకున్న ఆడవాళ్లను మళ్లీ తీసుకుంటున్నాయని ఎక్కడో చదివింది. సరే, ఈలోగా జావాలో ఏమేం మారిందో చూద్దామని కూర్చుంది. లెక్కపెడితే గుండె గుభేలుమంది. ఆమె ఉద్యోగం చేసిన ఆరేళ్లలో వచ్చిన కొత్త వెర్షన్లు రెండంటే రెండే. 2004లో 5, 2006లో 6. ఆమె ఇంట్లో ఉన్న పదిహేనేళ్లలో వచ్చినవి... పందొమ్మిది!

2011లో 7, 2014లో 8, 2017లో 9. అక్కడి నుంచీ తీరే మారిపోయింది. అంతకుముందు అన్నీ సిద్ధమయ్యేదాకా మూడేళ్లో నాలుగేళ్లో ఆగేవారు. ఇప్పుడలా కాదు. ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. సిటీ బస్సులా టైముకు వచ్చేస్తుంది. సిద్ధమైన అంశాలు ఎక్కుతాయి, కానివి తర్వాతి బస్సుకు ఆగుతాయి.

ఉన్న పరిజ్ఞానంతోనే ఆగస్టులో ఓ ఇంటర్వ్యూకు వెళ్లింది. ఎదురుగా ఇద్దరు. ఇద్దరూ ఆమె ఉద్యోగం మానేసేనాటికి బడిపిల్లలై ఉంటారు. మర్యాదగానే మాట్లాడారు. ‘మేడమ్, హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందో చెబుతారా?’ అన్నారు. ఆమె మొహం విప్పారింది. ఇది తనకు కొట్టినపిండి! కిరాణా కొట్టులో సొరుగుల్లాంటిదే హాష్‌మ్యాప్. పేరును బట్టి ఏ సొరుగులో వేయాలో లెక్క తేలుతుంది. రెండు మూడు పేర్లు ఒకే సొరుగులోకి వస్తే ఒకదాని వెనక ఒకటి గొలుసులా పెడుతుంది. వెతికేటప్పుడు ఆ గొలుసు పట్టుకుని వెళ్తుంది. ఇవన్నీ గడగడా చెప్పేసింది.

ఎదుటి కుర్రాడు కాస్త ఇబ్బందిగా కదిలాడు. ‘అది... జావా 7 వరకేనండీ. 8 నుంచి ఒకే సొరుగులో ఎనిమిదికి మించి పోగుపడితే, పట్టిక తగినంత పెద్దదైతే, గొలుసును చెట్టులా మార్చేస్తుంది. వెతకడం తేలికవుతుంది’ అన్నాడు.

ఆమె చెప్పింది తప్పు కాదు. 2010లో అయితే నూటికి నూరు మార్కులు! ఇంటికొచ్చాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. అన్నాలు తినేటప్పుడు భర్త అడిగితే ‘తర్వాత చెబుతామన్నారు’ అంది. పాలగ్లాసు పెట్టి వచ్చేసిన ఆ రాత్రి గుర్తొచ్చింది ఆ కుర్రాడి మొహమే. మిగిలిన ఆ ఒక్క మంత్రాన్నీ తన కూతురే చెరిపేసినట్టు అనిపించింది.

ఒక్క మాట అడ్డొచ్చింది

తర్వాతి ఆదివారం అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. అడుగున అమీర్‌పేట నోట్సు. అట్ట ఊడిపోయింది. నీలం ఇంకు అక్కడక్కడా అలుక్కుపోయింది. చివరి పేజీల్లో ఆమె తొలిసారి సొంతంగా రాసిన ప్రోగ్రాం ఉంది. ‘మీ ఇంట్లో జరిగే పని ఏదైనా తీసుకుని ప్రోగ్రాం రాసుకు రండి’ అన్నారు మాస్టారు. గుడివాడలో నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఆమె నాన్న అరువు ఖాతా రాసింది.

ఆబ్జెక్టులంటే ఏమిటో ఆమెకు అర్థమైంది కూడా ఆ ఖాతా పుస్తకంతోనే. పుస్తకంలో ప్రతి పేజీకీ ఒకటే పద్ధతి. పైన పేరు, కింద ఊరు, గీతలు కొట్టి అరువు, జమ, బాకీ. ఆ గీతల పద్ధతే క్లాసు. టైలరుగారి పేజీ ఒక ఆబ్జెక్టు, బడిపంతులుగారి పేజీ మరొకటి. మాస్టారు రెండు గంటలు చెప్పినా ఎక్కని సంగతి నాన్న పుస్తకం తలుచుకోగానే ఎక్కేసింది.

‘ఇది ఇప్పుడు నడుస్తుందంటావా?’ అంది కూతురితో.

‘టైపు చేసి చూద్దామమ్మా. పోయేదేముంది?’

తల్లి చదువుతుంటే కూతురు టైపు చేసింది. దాదాపు వంద వరుసలు. మీట నొక్కింది. తెరమీద తప్పు! ఆమెకు తెలుసు, నడవదని. ఇరవై రెండేళ్లనాటి సరుకు మరి. కానీ కూతురు తెరకు మొహం దగ్గరగా పెట్టి పెద్దగా చదివింది. ‘5వ వెర్షన్ నుంచి ఈనమ్ అన్నది భాష సొంతమాట. దాన్ని పేరుగా వాడకూడదు అంటోందమ్మా. ఇదొక్కటే తప్పు. మిగతా అంతా బానే ఉందిట!’

ఆ రోజుల్లో ‘ఈనమ్’ అన్న పేరు పెట్టనివారు లేరు. జాబితాలో ఒక్కో పేరూ చూసుకుంటూ వెళ్లడానికి ‘ఎన్యూమరేషన్’ అని ఒకటుండేది. దానికి ముద్దుపేరు ఈనమ్. వారాల పేర్లు, దిక్కుల పేర్లలా లెక్కగా ఉండే జాబితాల కోసం 2004లో జావా ఆ మాటను తనకోసం తీసేసుకుంది. అంతే. ఆమె ఆ పేరు చెరిపి ‘ఈ’ అని ఒక్క అక్షరం పెట్టించింది.

ప్రోగ్రాం నడిచింది. నాన్న కొట్టులో అరువు పెట్టినవాళ్ల పేర్లు వరుసగా, కింద మొత్తం బాకీ!

కంప్యూటర్ ఓ చిన్న గొణుగుడు మాత్రం గొణిగింది. ‘ఇందులో సరిచూడని పనులున్నాయి’ అని. అదేమిటంటే... పాత జావాలో జాబితా అంటే పేరు రాయని డబ్బా. పప్పు పోసినా ఉప్పు పోసినా ఊరుకుంటుంది. తీసేటప్పుడే తెలుస్తుంది తేడా. 2004లో 5వ వెర్షన్‌తో ‘జెనెరిక్స్’ వచ్చాయి. డబ్బా మీద ‘కందిపప్పు’ అని చీటీ అంటించి, ఇంకేం పోయబోయినా కంపైలర్ ముందే చెయ్యి పట్టుకునే ఏర్పాటు. అయితే అప్పటికే లోకమంతా పేర్లులేని డబ్బాలే. వాటిని పారేయమంటే ఎవరు వింటారు? అందుకని కంపైలర్ సరిచూసుకునేంతవరకే ఆ చీటీ. ప్రోగ్రాం నడిచేవేళకు దాన్ని చెరిపేస్తుంది. పాత డబ్బాలూ కొత్త డబ్బాలూ ఒకే అరలో ఇముడుతాయి. ఈ సర్దుబాటు వల్ల కొన్ని సౌకర్యాలు పోయాయని నిపుణులు ఇప్పటికీ విసుక్కుంటారు. కానీ 2003 నాటి నోట్సు 2025లో నడిచిందంటే ఆ సర్దుబాటు చలవే!

జావా దేన్నీ వదులుకోలేదనీ కాదు. ఆమె వారం రోజులు కష్టపడి నేర్చుకున్న ఆప్లెట్లకు 2017లోనే సెలవు చెప్పేస్తామని ప్రకటించారు. 9వ వెర్షన్ వచ్చినప్పుడు చాలా పాత సాఫ్ట్‌వేర్లు మొరాయించాయి కూడా. అయినా ఒకసారి మాటిచ్చాక వీలైనంతవరకూ తప్పకూడదన్నది ఆ భాష పెట్టుకున్న నియమం.

ఆమె చాలాసేపు ఆ తెర వైపే చూస్తూ కూర్చుంది. పందొమ్మిది వెర్షన్లు దాటి వచ్చాక తనకు అడ్డొచ్చింది ఒక్క మాట!

నాన్న చెప్పిన లెక్క

‘ఇప్పుడు నేను రాస్తా చూడు’ అంది కూతురు ఉత్సాహంగా.

నోట్సులో ఖాతాదారుడి వివరాలకే రెండున్నర పేజీలు పట్టింది. పేరు, ఊరు, బాకీ... ఒక్కోదాన్నీ లోపల దాచాలి. చూడటానికో పద్ధతి, మార్చడానికో పద్ధతి రాయాలి. రెండు పేజీలు ఒకరివేనా కాదా అని పోల్చడానికి ఇంకోటి. ఆ రెండున్నర పేజీల బదులు కూతురు ఒక్క వరుస రాసింది. ‘రికార్డ్’ అని, ఖాతాదారు అని, బ్రాకెట్లో పేరు, ఊరు, బాకీ. అయిపోయింది. 2021 మార్చిలో 16వ వెర్షన్‌తో స్థిరపడిన సౌకర్యమది. మిగతావన్నీ కంపైలరే సమకూర్చుకుంటుంది.

బాకీల ప్రకారం పేర్లు సర్దడానికి తల్లి ఆరేడు వరుసలు రాసింది. కూతురు ఒక్కటే. అది 2014లో 8వ వెర్షన్‌తో వచ్చిన ‘లాంబ్డా’ మహిమ. పాత పద్ధతి ఎలా ఉండేదంటే కొట్లో కుర్రాడితో ‘ఉప్పు ప్యాకెట్టు తేరా’ అనడానికి స్టాంపు పేపరు మీద అర్జీ రాసినట్టు ఉండేది. కొత్తది... నోటితో చెప్పినట్టే. ‘స్ట్రీమ్స్’ కూడా అప్పుడే వచ్చాయి. ఖాతాలోంచి బాకీ ఉన్నవాళ్లను ఏరు, వాళ్ల అంకెలు తీయి, కూడు. మనిషికి చెప్పినట్టే మూడు ముక్కలు.

ఆమె మనసు చివుక్కుమంది. హాస్టల్లో కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని మరీ రాసిన పేజీలవి. పాతికేళ్లలోపు పిల్ల పావుగంటలో తేల్చేసింది.

అంతలో కూతురే ఆగిపోయింది. ‘ఇదేంటి? టైలరుగారు వంద రూపాయలు కట్టాడనుకో. బాకీ మార్చనివ్వట్లేదు!’

ఆమె దగ్గరకు జరిగి చూసింది. రికార్డులో ఒకసారి రాసింది ఇక మారదు. అది లోపం కాదు, దాని స్వభావమే అది. ఆ మాట పుస్తకంలో చదవకముందే ఆమెకు అర్థమైపోయింది. ఎందుకంటే చిన్నప్పుడు నాన్న దగ్గర దెబ్బతిని మరీ నేర్చుకున్న పాఠమది. ఏడో తరగతిలో ఓరోజు కొట్లో కూర్చుని ఎవరిదో బాకీ అంకె కొట్టేసి పక్కన కొత్త అంకె వేసింది. నాన్న వీపు మీద ఒక్కటిచ్చారు. ‘ఖాతాలో కొట్టివేత ఉండకూడదమ్మా. కొట్టేస్తే నమ్మకం పోతుంది. ఇచ్చింది ఒక వరుస, పుచ్చుకుంది ఇంకో వరుస. బాకీ ఎంతో ఆ వరుసలే చెప్పాలి’ అన్నారు.

‘నువ్వు బాకీని రికార్డు చేశావు. అందుకే ఇరుక్కున్నావు’ అంది కూతురితో. ‘ఇచ్చిపుచ్చుకున్న ప్రతి వరుసనీ రికార్డు చెయ్. ఎవరు, ఏ రోజు, ఎంత, అరువా జమా... అంతే. బాకీ అనేది ఎక్కడా రాయొద్దు. కావాల్సినప్పుడు కూడుకో.’

కూతురు రెండు నిమిషాలు ఆలోచించింది. మార్చి రాసింది. నడిచింది. తల తిప్పి మొదటిసారి తల్లిని కొత్తగా చూసినట్టు చూసింది. ‘మా సార్ కూడా ఇలా చెప్పలేదమ్మా!’

ఆ రాత్రి నుంచీ భయం తగ్గింది. భాషలో కొత్తగా వచ్చినవన్నీ మాటలే. ఆ మాటలు ఏ పనికోసం పుట్టాయో ఆ పని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

అయిదు స్టేషన్లు

మర్నాటి నుంచీ పిల్లలు బయల్దేరాక రెండు గంటలు జావాకు కేటాయించుకుంది. పందొమ్మిదీ చదవక్కర్లేదని తొందరగానే తెలిసింది. కంపెనీలు ఎక్కువగా నిలబడేది దీర్ఘకాలం మద్దతు దొరికే వెర్షన్ల దగ్గరే. 8, 11, 17, 21, 25. దారిలో స్టేషన్లు ఎన్నున్నా ఎక్స్‌ప్రెస్ ఆగేవి అయిదే!

చదువుతున్నకొద్దీ ఒక్కో కొత్త అంశం వెనకా తను ఒకప్పుడు పడిన పాట్లు కనిపించాయి. ఉద్యోగంలో ఉండగా ఓసారి రాత్రి ఒంటిగంటదాకా ఆఫీసులో ఉండిపోయింది. ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’, ఫలానా వరుస అని మాత్రమే చెబుతోంది కంప్యూటర్. ఆ వరుసలో నాలుగు వస్తువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. ఏది ఖాళీయో చెప్పదు. పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎక్కడ నొప్పో చెప్పడన్నమాట. 2020 నుంచి ఆ బాధ లేదు. ఏ వస్తువు ఖాళీగా ఉందో పేరుపెట్టి మరీ చెబుతుంది. అది చదివిన రోజు ‘ఆ రాత్రే వచ్చి ఉంటే ఎంత బాగుండేది!’ అనుకుంది. ఆ రాత్రి ఇంట్లో నాలుగేళ్లు కూడా నిండని ఈ కూతురికి జ్వరం.

21వ వెర్షన్‌తో 2023 సెప్టెంబరులో స్థిరపడిన ‘వర్చువల్ థ్రెడ్లు’ కూడా ఆమెకు కొట్టు భాషలోనే అర్థమయ్యాయి. ఒక్కో ఖాతాదారుడికీ ఒక్కో కుర్రాణ్ని కేటాయిస్తే, ఆ కుర్రాడు గోదాములోంచి బియ్యం బస్తా వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడితే... జీతాలు ఇచ్చుకోలేక కొట్టు మూసేయాల్సిందే. పాత జావా సర్వర్ల కష్టం అదే. డేటాబేస్ నుంచి జవాబు వచ్చేదాకా ఒక్కో థ్రెడ్డూ ఊరికే నిలబడేది. ఒక్కోటీ కంప్యూటర్ మీద పెద్ద బరువు కాబట్టి కొన్ని వేలకు మించి పెట్టలేరు. వర్చువల్ థ్రెడ్ల పద్ధతిలో బస్తా వచ్చేలోగా అదే కుర్రాడు ఇంకొకరికి పంచదార తూచి ఇస్తాడు. లక్షల పనులు వరుస కట్టినా కొద్దిమంది కుర్రాళ్లే సర్దుకొస్తారు. రాసే పద్ధతి మాత్రం పాతదే. ఆమెకు బాగా నచ్చిన సంగతి అదే.

ఇంకో సంగతీ తెలిసింది. కొత్త అంశాన్ని ఒకేసారి భాషలో కలిపేయరు. ముందు రుచి చూడమని ఇస్తారు. మామిడిపళ్ల బండివాడు ముక్క కోసి చేతిలో పెట్టినట్టు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. వాక్యాల మధ్యలో విలువలు చొప్పించే ‘స్ట్రింగ్ టెంప్లేట్లు’ 21, 22 వెర్షన్లలో రుచి చూపించారు. రూపురేఖలు సరిగా కుదరలేదని 23లో ఎత్తేశారు. ఇక కూతురు రాసిన ఆ చిన్న ‘వాయిడ్ మెయిన్’ ఉందే... అది 21లో మొదలై, 22, 23, 24... నాలుగుసార్లు రుచిచూపులు దాటి, పేరూ తీరూ మార్చుకుని 2025 సెప్టెంబరులో 25తో ఖాయమైంది. ఎందుకయ్యా ఇంత తాపత్రయం అంటే... కొత్తగా నేర్చుకునేవాడికి మొదటిరోజే అర్థంకాని మాటలు అప్పజెప్పకూడదని!

అది చదివి ఆమె పుస్తకం మూసి కాసేపు నవ్వుకుంది. 2003లో తను లేచి నిలబడి అడిగిన ప్రశ్నే ఇది. ‘ఒక్క వరుసకు ఇన్ని మాటలెందుకు సార్?’ అప్పుడు క్లాసంతా నవ్వింది. మాటలెందుకో ఆ మాస్టారికి తెలుసు, మూడోరోజు పిల్లలకు చెప్పే వీలు లేక ‘ఇప్పుడు అడక్కు’ అన్నారు. భాషను తయారుచేసేవాళ్లే చివరికి ఆ ప్రశ్న న్యాయమైందని ఒప్పుకున్నారు. పబ్లిక్, స్టాటిక్ ఎక్కడికీ పోలేదు. కావాల్సిన రోజున, అర్థమయ్యాక రాసుకోవచ్చు.

కొత్త వరుస

నాలుగు నెలల తర్వాత మళ్లీ ఇంటర్వ్యూ. వేరే కంపెనీ. అమీర్‌పేట మీదుగానే మెట్రోలో వెళ్లింది. ఆమె చదువుకున్ననాడు ఈ స్టేషనే లేదు, అది 2017లో వచ్చింది. సత్యం థియేటర్ ఉన్నచోట 2023 నుంచి కొత్త మల్టీప్లెక్స్. కిటికీలోంచి చూస్తే సందుల్లో బోర్డులు మాత్రం అలాగే ఉన్నాయి, మీద పేర్లే మారాయి. సంచులు తగిలించుకుని పిల్లలూ అలాగే నడుస్తున్నారు.

ఈసారి హాష్‌మ్యాప్ అడగలేదు. ‘క్లాసుకూ రికార్డుకూ తేడా ఏమిటి? ఏది ఎప్పుడు వాడతారు?’ అన్నారు. ఆమె నాన్న ఖాతా పుస్తకం సంగతి చెప్పింది, కొట్టివేత ఎందుకు ఉండకూడదో సహా. ‘పదిహేనేళ్ల విరామం ఉంది కదా, ఇబ్బందనిపించదా?’ అని కూడా అడిగారు. ‘ఇబ్బందే. కానీ పాతదీ చదవగలను, కొత్తదీ చదవగలను’ అంది.

వాళ్లకు కావాల్సిందీ అదేనని చేరాక తెలిసింది. ఆ కంపెనీలో జావా 8తో రాసిన సాఫ్ట్‌వేర్ బండెడుంది. దాన్ని 21కి మార్చాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు పాత రాత విసుగు. పాతకాపులకు కొత్త రాత బెరుకు. ఆరు నెలల కాంట్రాక్టు. జీతం పక్క సీటులో కూర్చునే పాతికేళ్ల అమ్మాయి కంటే తక్కువే. ఆ తర్వాత ఉంచుకుంటారో లేదో తెలియదు. అయినా మొదటి జీతం వచ్చిన సాయంత్రం గుడివాడకు ఫోను చేసింది. కొట్టు మూసేసి చాలాకాలమైంది. నాన్నకు ఇప్పుడు వినికిడి కాస్త తగ్గింది.

‘నాన్నా, నీ ఖాతా పుస్తకం మళ్లీ తెరిచాను!’ అంది గట్టిగా.

విషయమంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే. ‘టైలరుగారి బాకీ ఎంత చూపిస్తోందే?’

‘మూడొందల నలభై.’

‘అదెప్పుడో ఇచ్చేశాడుగా! నువ్వు హైదరాబాదు వెళ్లిన ఏడాది సంక్రాంతికే తీర్చేశాడు. జమ రాయలేదూ? పాపం, మంచి మనిషి... రాయి, రాయి!’

ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. పాత అంకె జోలికి పోలేదు. కింద కొత్త వరుస రాసింది. టైలరుగారు... 2004 సంక్రాంతి... జమ... మూడొందల నలభై.

బాకీ సున్నా చూపించింది.